ప్యాకెట్లు చదివే పిల్లతో కుప్పం దాకా

ట్యూషన్ ఫీజును సగానికి బేరమాడి, చివరికి ఆ సగం కూడా మిగిల్చిన తల్లిని నేను. రెండో తరగతి చదివే మా గౌరిని మదనపల్లెలోని మా కిరాణా కొట్లోనే కూర్చోబెట్టాను. నెల తిరక్కుండానే సబ్బు, ఉప్పు, టీపొడి, ఏ ప్యాకెట్టు చూపినా పేరు టక్కున చదివేసేది. బడివాళ్లు మాత్రం దానికి చదవడం రాదు, మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారు. గౌరి అన్నం మానేసి ఏడ్చింది. కుప్పంలో ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మా వదిన చేత "దీనికి చదువొచ్చు" అనిపించుకుందామని శనివారం ఏడుంబావుకి బస్సెక్కాం.

ఆడవాళ్లకు టికెట్టు సున్నా. బేరానికి తావులేని ప్రయాణం నాకు చప్పగా ఉంటుంది. పుంగనూరులో దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ మూడుసార్లు వేయించుకున్నాక మనసు కుదుటపడింది.

పలమనేరు బస్సులో పక్క సీట్లో గంగవరం పెద్దాయన. ఆయన సంచిలో సబ్బు కనపడగానే గౌరి దాని పేరు చదివింది. ఆయన సబ్బును తిప్పి చూశాడు.

"రంగు అదే గానీ ఆ పేరు కాదు తల్లీ. ఇది వేరే కంపెనీది. సంతలో సగం ధరకే ఇచ్చినాడు."

నకిలీ సరుకును ఆమడ దూరం నుంచి పట్టేస్తానని పేరు నాకు.

పలమనేరులో బస్సు మారి పన్నెండుకు కుప్పం చేరాం. వదిన అన్నం పెట్టి, పలక మీద 'బటాణి' అని రాసింది. బొమ్మ ఉందేమోనని గౌరి పలక వెనక్కి తిప్పి చూసింది.

"చదవడంలేదమ్మా, రంగు గుర్తుపడతాండాది," అంది వదిన. "మాటలు వాటంతటవే వస్తాయి. చదువు అట్ల రాదు. కంటికి కనపడే అక్షరం నుంచి చెవికి తెలిసిన శబ్దానికి మెదడులో దారి వేయాల. రోజూ కొంచెం కొంచెం."

"అయితే ఒకటో తరగతేనా వదినా? కొంచెం సూడు."

"దీంట్లో బేరం లేదు."

సాయంత్రం దాకా అత్తా మేనకోడలూ ఇద్దరూ శబ్దాలతో ఆడారు. 'బ' పక్కన 'టాణి' తుడిచి 'డి' పెడితే ఏమవుతుంది? "బ... డి... బడి!" అని అరిచి, గౌరి తన అరుపుకి తనే ఉలిక్కిపడింది.

ఆదివారం తిరుగు ప్రయాణం. పుంగనూరులో గౌరి మదనపల్లె బస్సు ముందు నిలబడి బోర్డుకేసి వేలు చూపించింది.

"మ... ద... న..."

"ఎక్కండమ్మా, యాల నిలబడినారు?" అన్నాడు కండక్టరు.

"ఉండప్పా, చదవతాండాది."

"అది చదివేలోగా నేను మదనపల్లెకు పోయొస్తా."

"ప..." అని, చివరి 'ల్లె' దగ్గర గౌరి ఆగిపోయింది. బస్సు వెళ్లిపోయింది.

"అమ్మా, రేపు ఒకటో తరగతిలోనే కూర్చుంటా. ఆ కింద వేలాడేదేందో మేడమ్‌ను అడగాల."

మొత్తం ఖర్చు: ఇడ్లీలకు అరవై, అరటిపళ్లకు నలభై, తర్వాతి బస్సు వచ్చేదాకా తాగిన టీకి, పాలకి ముప్పై. వెరసి నూటముప్పై. రాబడి నాలుగక్షరాలు. అందులో 'ప' నేను చెవిలో ఊదింది, కాబట్టి మూడు.