తీర్పు కోసం కల్వకుర్తి దాకా

మొన్న నాగర్‌కర్నూల్ కోర్టు వరండాలో నేను టీ తాగడం పూర్తికాకముందే మా మేనకోడలు తనకు కావలసిన తీర్పును ఫోన్‌లో పట్టేసింది. నాలుగేళ్ళుగా నా దగ్గరే ప్రాక్టీసు చేస్తున్న పిల్ల. పెద్ద కోర్టుల తీర్పులు ఉచితంగా చదువుకునే సైటు ఒకటి, చట్టాలన్నీ సవరణలతో సహా ఉండే సర్కారు సైటు ఒకటి, ఏ కేసు వాయిదా ఎప్పుడో చెప్పేది మరొకటి, భూముల రికార్డులకు ఇంకొకటి, అన్నీ ఫోన్‌లోనే పెట్టుకుని తిరుగుతుంది. ఆ తీర్పును తర్వాత ఎవరైనా కొట్టేశారేమో కూడా చూసుకుని, "ఇది ఇంకా నిలబడే ఉంది అత్తా" అంటూ నిశ్చింతగా లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఒక్క తీర్పు కోసం ఒకప్పుడు నేను తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. నాతోపాటు ఆ రోజుల్లో నల్లకోటు తొడుక్కున్నవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు.

గద్వాలలో మా సీనియర్ దగ్గర చేరినప్పుడు ఆ కోర్టులో ఆడవకీలును నేనొక్కదాన్నే. ఆయన గదిలో గోడ పొడవునా బీరువాలు, వాటి నిండా లా జర్నల్స్. టపాలో వచ్చే విడి సంచికలను ఏడాదికోసారి బైండు చేయించడం, పురుగు పట్టకుండా మధ్యమధ్య ఎండిన వేపాకులు పెట్టడం, ఏ విషయం మీద ఏ తీర్పు వచ్చిందో ఒక పొడవాటి నోటుబుక్కులో ఎక్కించడం నా పని. అప్పుడు మహా విసుగ్గా ఉండేది గానీ, చట్టం నాకు వంటబట్టింది ఆ రాతతోనేనని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ రోజుల్లోనే మల్దకల్ దగ్గరి ఊరి నుంచి భర్త పోయిన ఒక ఆడమనిషి మా దగ్గరికి వచ్చింది. ఇంటికి తాళం వేసి పిల్లలతో కాలువ పనికి వలస పోయిందట. ఆమె లేని సమయంలో మరిది భూమి కోసం దావా వేశాడు, సమన్లు తెచ్చిన మనిషి తాళం వేసిన తలుపుకు కాగితం అతికించి పోయాడు, కోర్టుకు ఆమె రాలేదు గనుక డిక్రీ మరిది పక్షాన అయిపోయింది. తిరిగొచ్చేసరికి మూడెకరాల చెలక తనది కాదన్నారు. ఆ డిక్రీ రద్దు కాకపోతే తొలకరిలోపే భూమి చేయి దాటిపోతుంది.

"తలుపుకు కాయితం అతికిస్తే తలుపు సదువుతదా అమ్మా? మేమేమో యాడనో మట్టి మోస్తుంటిమి" అని ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా సీనియర్ అప్పటికి జబ్బుపడి హైదరాబాదు దవాఖానలో ఉన్నారు, డిక్రీ రద్దు చేయమని పిటిషన్ వేసి వాదించే పని నా మీద పడింది. మనిషి కోసం సరిగా వెతకకుండా తలుపుకు అతికించినంత మాత్రాన సమన్లు అందినట్టు కాదని చెప్పిన తీర్పు ఒకటి నోటుబుక్కులో నేనే రాశాను. తీరా వాయిదాకు రెండురోజుల ముందు బీరువా తెరిస్తే ఆ సంపుటం లేదు. ఎవరు తీసుకుపోయారో ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఆ పుస్తకాలన్నీ ఉన్నది ఇంకొక్కరి దగ్గరే, కోర్టు వెనక వీధిలో ఉండే పెద్ద వకీలు దగ్గర. కానీ మరిది తరఫు వకీలు ఆయనే. ఆయన్ను ఏ మొహంతో అడగను?

మరునాడు పొద్దున్నే బస్సెక్కి పెబ్బేరు మీదుగా వనపర్తి వెళ్ళాను. అక్కడ తెలిసిన వకీలు దగ్గర ఆ ఏడాది సంపుటం లేదు, కల్వకుర్తిలో మా సీనియర్ సహాధ్యాయి ఒకాయన ఉన్నారు, అడిగి చూడమన్నారు. నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి కల్వకుర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆయన పుస్తకం చేతికిచ్చారు గానీ, "ఇల్లు దాటిన బుక్కు మళ్ళ రాదమ్మా, ఈడనే కూసోని రాసుకో" అన్నారు. ఆయన భార్య పెట్టిన జొన్నరొట్టె తిని, వేళ్ళు పీకేదాకా రాసుకుని, తిరుగు బస్సు పట్టుకున్నాను.

తెల్లవారి కోర్టులో నా వాదన విని జడ్జిగారు ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పారు. "చేతిరాత చూసి ఎలా నమ్మమంటారు? పుస్తకం ఏది?" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ద్వారం దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు అవతలి పెద్ద వకీలు లేచారు. పిటిషన్ కొట్టేయమని అడుగుతారనుకున్నాను.

"గా పుస్తకం నా దగ్గరుంది సార్. జర టైమిస్తే తెస్త" అన్నారాయన.

ఎవరినీ పంపలేదు. నల్లకోటుతోనే ఎండలో ఇంటికి నడిచి వెళ్ళి, సంపుటం చంకన పెట్టుకుని వచ్చారు. జడ్జిగారు నా కాగితాలను దానితో పోల్చి చదివారు. డిక్రీ రద్దయింది, దావా మళ్ళీ మొదటికొచ్చింది, ఇరుపక్షాలూ విన్నాక చెలక ఆమెకే నిలిచింది.

ఆ రోజు వరండాలో ఆయన నన్ను ఆపి, "గింత దానికి కల్వకుర్తి దాంక పోయినవా బిడ్డా? నన్నడిగితే ఇయ్యనంటినా?" అన్నారు.

"మీరు అవతలి వకీలు కదా సార్" అన్నాను.

"వకీలునైతే? తీర్పును బీరువల దాసుకుంటనా?" అని నవ్వారు. ఆ తర్వాత ఆయన పోయేదాకా నేను పుస్తకాలకు ఆ ఇంటికే వెళ్ళాను.

ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. పేదవాళ్ళ భూమి ఎవరి బీరువాలో ఏ పుస్తకముందో అన్నదాని మీద ఆధారపడకూడదు. ఇవాళ వడ్డేపల్లిలో కూలికి పోయే మనిషి కూడా తన వాయిదా ఎప్పుడో ఫోన్‌లో చూసుకుంటుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. కాకపోతే ఇప్పుడు ఎవరూ ఎవరినీ ఏదీ అడగనక్కరలేదు. అందుకేనేమో, ఎదురుగా నిలబడి వాదించే వకీలు ఎలాంటి మనిషో మా పిల్లలకు తెలిసే సందర్భమే రావడం లేదు.