మద్రాసు హోటళ్ళలో మజీద్ సాయిబు గారు

అబ్దుల్ మజీద్ సాయిబు గారు ఎవరింట్లో కాలు పెట్టినా, ముందు నేల మీద పరిచినదాని మూల ఎత్తి అడుగు చూసేవారు. ఇంటివారి క్షేమం ఆ తరవాతే అడిగేవారు.

ఏలూరు తంగెళ్ళమూడిలో ఆయనకు ఆరు తివాచీ మగ్గాలు. నేను పక్క వీధి మిషన్ బడిలో మేష్టరిని, పేరు దేవరాజు. అత్తిలిలో ఒక పెళ్ళికి నన్ను వెంటబెట్టుకువెళ్ళి, ఎనిమిదిమంది పెద్దమనుషుల్ని లేపి, వాళ్ళు కూర్చున్న తివాచీ తిరగేశారు. మగపెళ్ళివారు మమ్మల్ని భోజనానికి ఆఖరి బంతిలో కూర్చోబెట్టారు. మరోసారి జ్వరమొచ్చి డాక్టరు గారి దగ్గరకు ఎత్తుకువెళితే, బల్ల మీద పడుకోమన్నా వినకుండా నేల మీద కూలబడి అక్కడి తివాచీ అంచు పట్టుకున్నారు. నూటమూడు జ్వరంలో ముడులు పరీక్షించి, మనది కాదని నిట్టూర్చి, అప్పుడు నాలుక చూపించారు. ఇదంతా పనితనం తెలిసినవాడి గర్వమని మేం అనుకునేవాళ్ళం.

పందొమ్మిదివందల ముప్ఫై ఆరో సంవత్సరంలో ఆయన దగ్గర అందరికంటే పెద్ద నేతగాడు లాల్ బాషా మగ్గం దిగిపోయాడు.

"నలభై ఏళ్ళు నేశానండి. నేసిందల్లా ఓడెక్కిపోయింది. ఒక్కటైనా ఎక్కడ పరిచారో నాకు తెలీదు. ఇంక చేతులు ఆడవండి," అన్నాడు.

సగం నేసిన తివాచీ మగ్గం మీదే ఉండిపోయింది. లాల్ బాషా అన్నం కూడా మానేశాడని అతని భార్య ఖాతూన్ వచ్చి ఏడ్చింది. సాయిబు గారు అంతా విని, తనకు మద్రాసు వెళ్ళి పెద్ద హోటల్లో భోంచేయాలని ఉందన్నారు. ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను తోడు రమ్మన్నారు. వీధంతా ముక్కున వేలేసుకుంది. నాకూ ఒళ్ళు మండింది. అయినా మద్రాసు కదా అని వెళ్ళాను.

మద్రాసు మా ఇద్దరికీ కొత్తే. రైలు దిగేసరికి నాకు ఆకలి దంచేస్తోంది. మొదటి హోటలు దగ్గర నేతి వాసన వీధి చివరిదాకా వస్తోంది. సాయిబు గారు గుమ్మంలో నిలబడి, నేల మీద ఏం పరిచారో చూడమన్నారు. నాపరాళ్ళని చెప్పాను. పదండి అన్నారు. రెండో హోటల్లో చాపలు. అక్కడి కోడికూర వాసన నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉంది.

అడిగి అడిగి దొరలు తినే హోటలుకు చేరాం. అక్కడ తివాచీ ఉంది. దాని మూల మీద ఒక దొరసాని కాలు ఉంది.

"అమ్మగారిని కాస్త కాలెత్తమనండి మేష్టారూ," అన్నారు సాయిబు గారు.

నాకు వచ్చిన ఇంగ్లీషులో మర్యాదగానే అడిగాను. ఇద్దరు బంట్రోతులు అంతే మర్యాదగా మమ్మల్ని వీధిలో దింపారు. ఆ తరవాతి హోటల్లోనూ అదే జరిగింది, మర్యాద తక్కువగా.

అయిదో హోటల్లో ఎలాగో కుర్చీలు దొరికాయి. నేను సూప్ తెమ్మన్నాను. అది వచ్చేసరికి సాయిబు గారు బల్ల కింద ఉన్నారు. ఒక బల్ల కింద నుంచి ఇంకో బల్ల కిందికి పాకుతూ పదకొండు బల్లలు పూర్తి చేశారు. చివరికి నన్నూ కిందికి పిలిచారు. తివాచీ అడుగున కుట్టిన గుడ్డముక్క మీది అక్షరాలు చదివాను.

"ఇది బెల్జియం సరుకండి," అన్నాను.

"ముడి చూడగానే తెలిసిందండి. ఓడెక్కినవాటిలో కొన్ని మద్రాసు రేవులోనే దిగిపోతాయని విన్నాను. లాల్ బాషా నేసింది ఒక్కటైనా కనబడితే, ఫలానా చోట పరిచారయ్యా అని చెబుదామని వచ్చాను. ఇన్నేళ్ళుగా ఎక్కడికెళ్ళినా ఇందుకే ఎత్తి చూస్తున్నాను. నేసినవాళ్ళకి ఆ కబురు చెప్పేవాళ్ళు ఇంకెవరున్నారండీ?"

నాకు సిగ్గేసింది. ఆయన్ని తిండిపోతు అనుకున్నాను. ఆ బల్ల కిందే క్షమాపణ చెప్పుకున్నాను. పైన సూప్ చల్లారిపోయింది.

ఏలూరులో దిగి సరాసరి లాల్ బాషా ఇంటికి వెళ్ళాం.

"దొరికిందయ్యా," అన్నారు సాయిబు గారు. "అన్నిటికంటే పెద్ద హోటలు. కిటికీ పక్కన పరిచారు. దొరలంతా బూట్లు విప్పి మరీ నడుస్తున్నారు."

లాల్ బాషా ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. సాయిబు గారి పైజామా మోకాళ్ళ దగ్గర అరిగి చిరిగిపోయి ఉంది. అది ఎలా చిరిగిందని నన్ను అడిగాడు. బల్లల కింద పాకారని నోరుజారాను. ఎన్ని బల్లలన్నాడు. పదకొండన్నాను. రెండు హోటళ్ళలో మెడపట్టి గెంటిన సంగతి కూడా చెప్పేశాను.

లాల్ బాషా దగ్గొచ్చేదాకా నవ్వాడు. "దొరలు బూట్లు విప్పడమేమిటండి? నాకా మాత్రం తెలీదా? నాకోసం మీరు బల్లల కింద దూరారా?"

"విప్పారయ్యా," అన్నారు సాయిబు గారు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "కావాలంటే మేష్టారిని అడుగు."

అబద్ధమాడరాదన్న దేవుడి ఆజ్ఞను నేను కిందటి ఆదివారమే పిల్లల చేత వల్లె వేయించాను.

"విప్పారు," అన్నాను. "మేజోళ్ళు కూడా."

లాల్ బాషా కళ్ళు తుడుచుకుని, ఖాతూన్‌ను అన్నం పెట్టమన్నాడు. తిని మగ్గం ఎక్కాలన్నాడు.