పద్నాలుగో నంబరు చాకు

తెలంగాణ ఏర్పడిన రెండో ఏడు, వానాకాలంలో, ఫోరెన్సిక్ ప్రయోగశాలలో నన్ను ఆయుధాల బల్లకు మార్చారు. హోదా సైంటిఫిక్ ఆఫీసర్. అంతకుముందు పన్నెండేళ్లు గాజుముక్కలు, పెయింటు పెళ్లలు, టైరు గుర్తులు చూశాను. ఆయుధాలంటే తుపాకులు అనుకోకండి, వాటికి వేరే విభాగం ఉంది. నా దగ్గరికి వచ్చేవి కత్తులు, గొడ్డళ్లు, ఇనుప రాడ్లు, ఒకసారి చపాతీ కర్ర కూడా. ఆడమనిషికి కత్తుల పని ఏమిటని క్యాంటీన్లో ఒకాయన జాలిపడ్డాడు. మీ ఇంట్లో కూరగాయలు తరిగేది ఎవరని అడిగాను. ఆ తర్వాత ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు.

పోలీసులు పట్టుకున్న వస్తువు మాకు కోర్టు ద్వారా వస్తుంది. గుడ్డ సంచిలో కుట్టి, లక్కతో సీలు వేసి, ఆ సీలు నమూనాను విడిగా ఒక కాగితం మీద పంపుతారు. రెండూ సరిపోతేనే సంచి విప్పుతాం. ప్రతి వస్తువుకూ నంబరు కట్టాలి, కొలవాలి, మా చేతికి ఏ స్థితిలో వచ్చిందో వర్క్‌షీట్లో రాయాలి. పరీక్ష ఆ తర్వాతే. ఈ వరస మారకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది కూడా నేనే.

నేను బల్ల మారిన కొన్నాళ్లకు లాల్‌దర్వాజా నుంచి ఒక సంచి వచ్చింది. లోపల బిస్కెట్ల రేకు డబ్బా, అందులో పందొమ్మిది మడత చాకులు. సాక్షుల ముందు రాసే పంచనామాలో మాత్రం ‘పందొమ్మిది మారణాయుధాలు’ అని ఉంది. బోనాల బందోబస్తులో తనిఖీ చేస్తుంటే యాదగిరి అనే ఆయన సంచిలో దొరికాయట. ఆయన ఒక ప్రభుత్వ బడిలో అటెండరు. పాత జేబు చాకులు పోగుచేయడం ఆయన సరదా. గురువారం గురువారం పురానాపూల్ దగ్గర జుమ్మెరాత్ బజారుకు వెళ్లి, పాత ఇనుప సామాను కుప్పల్లో వెతికి తెచ్చుకునేవాడు. ఆ రోజు తనలాంటి ఇంకో పిచ్చివాడికి చూపించి, డబ్బా పట్టుకుని ఇంటికి వస్తున్నాడు.

ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలు మించి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ తప్పదు. యాదగిరి వారం రోజులు జైల్లో ఉన్నాడు. రిటైరవడానికి ఏడాదిన్నర మిగిలింది. శిక్ష పడితే ఉద్యోగమూ పోతుంది, పెన్షనూ పోతుంది. ఇదంతా నాకు కేసు కాగితాల్లోనే తెలిసింది.

మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. వీటిలో బటన్ నొక్కితే స్ప్రింగు బలంతో తెరుచుకునేది ఏదైనా ఉందా? గోరుతో లాగి తెరిచే చిన్న చాకు ఎవరి జేబులోనైనా ఉండొచ్చు. బటన్ చాకైతే చట్టం దాన్ని ఆయుధం కింద లెక్కగడుతుంది. యాదగిరి పెన్షన్ ఆ తేడా మీద ఆధారపడి ఉంది.

పాత చాకును గుర్తుపట్టాలంటే బ్లేడు పొడవు చూస్తే చాలదు. బ్లేడు మొదట్లో, పిడిలోకి దూరే చోట, పదును లేని కొంచెం చదును ఉంటుంది. తయారుచేసినవాడు తన ముద్ర అక్కడే కొడతాడు. వంశం, ఊరు, కాలం అన్నీ ఆ చదునులో చదువుకోవాల్సిందే. ఆ పందొమ్మిదిలో నేను అంతవరకు చూడనివి ఎన్నో ఉన్నాయి. గుర్రం డెక్కలో ఇరుక్కున్న రాయిని తీసే కొక్కెం ఉన్నదొకటి. పశువుకు నరం కోసి చెడు రక్తం తీయడానికి మూడు మూలల పలకలున్న ఇత్తడి చాకు ఒకటి. పండు కోసుకోవడానికి వెండి బ్లేడున్నది ఒకటి. ఇంకోదాని పిడిలో ఆవగింజంత అద్దం బిగించి ఉంది. వెలుతురుకు ఎత్తి అందులోకి చూస్తే తెరచాప ఎత్తిన ఓడ కనిపించింది. పని ఆపి మూడుసార్లు చూశాను. ఏ రెండు చాకులూ ఒక రకం కావు. రౌడీ మనిషి పోగుచేసుకునే సరుకు కాదది.

పద్నాలుగో నంబరుకు నల్ల కొమ్ము పిడి, రెండు చివర్లా ఇత్తడి తొడుగు, పక్కన శనగగింజంత బటన్. గోరు పెట్టి లాగడానికి బ్లేడు మీద గాడి లేదు. బటన్ ఐదారుసార్లు నొక్కాను. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కదల్లేదు. దాని ముద్ర చూడకపోతే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేలా లేదు. కొలతల పరికరాలు బిగుసుకుంటే వేయడానికి నా సొరుగులో కుట్టుమిషన్ నూనె సీసా ఉండేది. రెండు చుక్కలు వేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చి నొక్కేసరికి బ్లేడు టక్కుమని లేచి నిలబడింది. బ్లేడు మొదట్లో చేప ముద్ర, దాని మీద నక్షత్రం. సంబరపడిపోయాను.

సంబరం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వర్క్‌షీట్లో పద్నాలుగో గడి ఖాళీగా ఉంది. చాకు ఏ స్థితిలో వచ్చిందో నేను రాయలేదు. వచ్చినప్పుడు అది పనిచేయని తుప్పు ముక్క. దాన్ని ఆయుధం చేసింది యాదగిరి కాదు, నేను.

మా సెక్షన్ హెడ్‌కు చెప్పాను. చెడ్డవాడు కాదు, జాగ్రత్త ఎక్కువ. తెరుచుకుంటుందా అనే కదా కోర్టు అడిగింది, తెరుచుకుంటుంది, అంతే రాయమన్నాడు. నూనె సంగతి రాస్తే ఇప్పటిదాకా నేను ఇచ్చిన రిపోర్టులన్నిటినీ వకీళ్లు తిరగతోడతారన్నాడు. “కొరివితో తల గోక్కోకమ్మా, ప్రమోషన్ దగ్గర్లో ఉంది” అన్నాడు. ‘పద్నాలుగో నంబరు బటన్ నొక్కితే స్ప్రింగు బలంతో తెరుచుకుంటుంది’ అని రాసి సంతకం పెట్టాను. అక్షరం అక్షరం నిజమే. ఆ తర్వాత ఎనిమిది నెలలు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

మా రిపోర్టును కోర్టు సాధారణంగా మమ్మల్ని పిలవకుండానే సాక్ష్యంగా తీసుకుంటుంది. ఈ కేసులో డిఫెన్సు వకీలు పట్టుబట్టి నాకు సమన్లు పంపించాడు. కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక బక్కపలచటి మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. తానే యాదగిరినన్నాడు. సాక్ష్యానికి ముందు ముద్దాయితో మాట్లాడటం పద్ధతి కాదు. లేచి వెళ్లిపోవాల్సింది, కానీ వెళ్లలేదు.

“నల్ల పిడిది ఎట్ల తెరిచిన్రు మేడం?” అని అడిగాడు. “ఆరేండ్ల సంది మస్తు తన్లాడిన. ఒక్కపారి గూడ కదల్లే.”

నూనె వేసి చూడలేదా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“అందరు గదే చెప్పిన్రు మేడం. గని పాత సామాను ఎట్ల దొరికితే గట్లనే ఉంచాలె. మనం చెయ్యి పెడితే గది మన సామాను అయితది, పాతది గాదు. నా కాయిదా గిది.”

ఇరవయ్యేళ్లు చదివి, శిక్షణ పొంది, జీతం తీసుకుని నేను తప్పిన నియమాన్ని ఈయన ఎవరూ చెప్పకుండానే పాటించాడు. సిగ్గుపడ్డాను. అంతలో ఆయన ఇంకో మాట అడిగాడు. బ్లేడు మొదట్లో ముద్ర ఏమన్నా ఉందా? చేప, మీద నక్షత్రం అని చెప్పాను.

“వారెవ్వా! చేపనా?” అన్నాడు. ముఖం వెలిగిపోయింది. ఆ బ్లేడు తెరుచుకోవడమే తన మెడకు చుట్టుకుందన్న ఫికర్ ఆ క్షణాన ఆయనకు లేదు.

నేను బోనెక్కాక వకీలు నన్ను చాకుల పొడవులు, వెడల్పులు అడిగాడు. కొలతలు తప్పని నిరూపించాలని ఆయన పట్టుదల. కొలతలు సరిగ్గానే ఉన్నాయి కాబట్టి పది నిమిషాల్లో కూర్చున్నాడు. మేజిస్ట్రేట్ గారు నన్ను వెళ్లవచ్చన్నారు. రిపోర్టులో ఒక విషయం రాయలేదు, చెప్పడానికి అనుమతి కావాలన్నాను. వచ్చినప్పుడు ఆ చాకు తెరుచుకోలేదని, స్థితి నమోదు చేయకముందే నూనె వేశానని, నూనె వేశాకే తెరుచుకుందని చెప్పాను. కావాలనే రాయలేదా అని ఆయన అడిగారు. అవునన్నాను. అదంతా టైపు చేయించి నా చేత సంతకం పెట్టించారు.

తీర్పు నెలకు వచ్చింది. ముద్దాయి దగ్గర ఉన్నప్పుడు ఆ వస్తువు ఆయుధంగా పనిచేసేదని రుజువు కాలేదని కేసు కొట్టేశారు. యాదగిరిని మళ్లీ బడిలోకి తీసుకున్నారు. నాకు ఛార్జి మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, ప్రమోషన్ వెనక్కి పోయింది. వాటి మీద అప్పీలు చేయలేదు, చేయడానికి ఏమీ లేదు కూడా.

తీర్పు చివర్లో సామాను గురించి ఒక పేరా ఉంటుంది. పద్దెనిమిది చాకులు యజమానికి తిరిగి ఇవ్వాలని అందులో రాశారు. పద్నాలుగోది ప్రస్తుతం పనిచేస్తున్న బటన్ చాకు కాబట్టి తిరిగి ఇవ్వడానికి వీల్లేదు, నాశనం చేయాలి. అప్పీలు గడువు దాటాక దాన్ని సమ్మెటతో కొట్టి ముక్కలు చేశారు. ఆ ఉత్తర్వులో తప్పేమీ లేదు.

కొన్నాళ్లకు యాదగిరి మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి నేనే వెళ్లాను. మళ్లీ డ్యూటీలో చేరిన సంగతి చెప్పాడు. పద్నాలుగో చాకు విషయంలో నన్ను క్షమించమన్నాను.

“మీరు కోర్టుల నిజం చెప్పిన్రు మేడం, గది నేను మర్వను. గని నూనె ఎయ్యకుండ, కదలలేదని ఒక్క లైను రాసుంటే నా నౌకరి ఉంటుండె, నా చాకు గూడ ఉంటుండె గదా” అన్నాడు. కోపంతో అనలేదు. ఉండేదని ఒప్పుకున్నాను. నమస్కారం పెట్టి బస్టాపు వైపు వెళ్లిపోయాడు.

రిటైరయ్యేదాకా కొత్తవాళ్లకు ఈ కేసు నా పేరుతో సహా చెప్పాను. వస్తువు ఎలా వచ్చిందో రాయడాన్ని పరీక్షకు ముందు చేసే గుమాస్తా పని అనుకుంటారు. అది మొదటి పరీక్ష. మిగతావి పొరపాటైతే మళ్లీ చేయవచ్చు, దాన్ని మాత్రం రెండోసారి చేయడానికి వీలుండదు.