నాలుక మీద కోట మట్టి

మొన్న శేరిలింగంపల్లిలో ఒక పాత మట్టిగోడ కూలుస్తుంటే పక్కనుంచి నడిచి వెళ్తున్నాం. దుమ్ము లేచి పెదవుల మీద పడింది. అలవాటు కొద్దీ నాలుకతో తాకాను. ఉప్పగా, చివర కాస్త చేదుగా ఉంది. మనవరాలు "ఛీ, అమ్మమ్మా!" అంది. నాకు మాత్రం మాణిక్కప్ప ఉస్తాద్ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

డెబ్బైల మొదట్లో నాన్నగారి ఉద్యోగం కోసం కాకినాడ నుంచి ఇక్కడికి వచ్చాం. అప్పుడు చుట్టూ బండరాళ్లు, జొన్నచేలే. స్టేషను దగ్గర ఒక రేకుల కొట్టంలో, బీదరు నుంచి వచ్చిన ఉస్తాద్ బిద్రీ పని చేసేవారు. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోతపోసి, దాని మీద చెక్కిన గాడుల్లో వెండితీగ కొట్టేవారు. చివర నవసాగరం, బీదరు కోట మట్టి కలిపి రుద్దితే పళ్లెం నల్లగా నిగనిగలాడేది, వెండి మాత్రం తెల్లగా మిగిలేది. డిగ్రీ అయి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న నేను ఆ మాయ చూసి, పని నేర్పమని వెంటపడ్డాను.

ఎండావానా తగలని మట్టే పనికొస్తుంది. అది మంచిదో కాదో నాలుకే చెప్పాలి. "జర నోట్లేసుకో బిడ్డా, చురుక్కుమనాలె" అనేవారు. ఆయన అటు తిరగగానే వేలు కొంగుకు తుడిచేసుకునేదాన్ని. మట్టి తినడమేమిటి! "బాగుందండి" అంటే సరిపోయేది.

ఒకసారి దగ్గరి ఫ్యాక్టరీకి వచ్చిన జపాన్ ఇంజనీరు ఒక పళ్లెం అడిగాడు. వాళ్ల ఊళ్లో రాగిలో కాస్త బంగారం కలిపి, మందునీళ్లలో ఉడికించి నల్లబరిచే ముసలి పనివాడున్నాడట. పళ్లెం ఆ ముసలాయనకు కానుక. ఉస్తాద్‌కు రెండు నెలలు అదే లోకం. "ఆడ గూడ మనసొంటోడే ఉన్నడు. వాని ముంగట బీదరు ఇజ్జత్ పోవద్దు" అనేవారు.

ఇంజనీరు వచ్చే రోజు పొద్దున్నే మట్టి సంచి విప్పి, "ఎట్లుంది బిడ్డా?" అన్నారు. ఎప్పటిలాగే "బాగుందండి" అన్నాను. రుద్ది కడిగితే పళ్లెం బూడిదరంగులో మచ్చలు మచ్చలుగా తేలింది. ఎప్పుడో వానకు కొట్టం రేకులు కారి సంచి తడిసి, మట్టిలో సారం పోయింది. ఉస్తాద్ చిటికెడు నోట్లో వేసుకుని చాలాసేపు చప్పరించారు. "నాకేం తెలుస్తలేదు. పోయినేడు జ్వరమొచ్చినప్పటి సంది నోరు సచ్చిపోయింది. నీ నాలుకనే నాదనుకున్న."

"నేనెప్పుడూ రుచి చూడలేదండి" అని ఏడ్చేశాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంజనీరు మర్నాడే ప్రయాణం. ఉస్తాద్‌కు ఇంగ్లీషు రాదు, మధ్యలో నేనే చెప్పాలి. "తప్పు నాదే, మట్టి నేనే సూసుకోలేదని చెప్పు" అన్నారు. ఆ మాట మార్చి నిజం చెప్పడానికి నాకు నోరుంది. కానీ ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. ఇంజనీరు తల వంచి నమస్కరించి, వట్టి చేతులతో వెళ్లిపోయాడు.

వారం తర్వాత బీదరు నుంచి కొత్త మట్టి వచ్చింది. ఉస్తాద్ అడగకముందే నోట్లో వేసుకున్నాను. నాలుక చురుక్కుమంది. "ఇగ రుద్దు" అన్నారు నవ్వుతూ. మచ్చలు పడ్డ ఆ పళ్లెమే నల్లగా మారాక నా చేతిలో పెట్టారు.

ఇప్పుడది మణికొండలో మా ఇంటి గోడ మీద ఉంది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. జపాన్ వెళ్లింది పళ్లెం కాదు, తప్పు ఉస్తాద్‌దేనన్న నా మాట.