మరిడమ్మత్త బోర్లించని గిన్నె

మా పేటలో టీవీలో బొమ్మ ఆగిపోతే జనం కరెంటాఫీసును తిట్టరు, నన్ను తిడతారు. నేను కేబుల్ గోవింద్‌ని. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వస్తే మా పేట. పేట మొదట్లో, మేడ మీద నాలుగు డిష్ గొడుగులున్న గది నాది. సినిమాలో హీరో చచ్చిపోయినా, క్రికెట్లో మనవాళ్ళు ఓడిపోయినా, తుపాను వార్త చెప్పినా తప్పు నాదే. వీటన్నిటికీ ఒళ్ళు మొద్దుబారిపోయింది. కానీ ఆకాశంలో చిక్కుకుపోయిన ఓడను వెనక్కి రప్పించమని నా మీదకొచ్చిన మనిషి మాత్రం ఒక్కతే. మరిడమ్మత్త.

మరిడమ్మత్త చేపల తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకూర్మం చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. యాభై దాటాయి గానీ ఒడ్డున వేలంపాటలో ఆమె నోరు తెరిస్తే పాతికేళ్ళ వాళ్ళు కూడా చెవులు మూసుకోవాల్సిందే. మొగుడు గంగరాజు మావ పడవ మీద వేటకు వెళతాడు. ఆయన సముద్రంతోనైనా వాదిస్తాడు గానీ పెళ్ళాంతో వాదించడు. మంచి తెలివైన మనిషి.

ఇంతకీ ఆ ఓడ సంగతి. చైత్ర టీవీ అని ఒక ఛానల్, దాంట్లో ఆదివారం సాయంత్రం ఏడింటికి ‘ఏడో చుక్క అవతల’ అని ఒక సీరియల్ వచ్చేది. ఐదుగురు మనుషులు అంతరిక్ష నౌకలో ఎక్కడికో బయల్దేరి దారి తప్పుతారు. నౌక గోడలకు వెండి కాగితం అంటించారు. ఒక వారం ఆ కాగితం ఊడి, వెనకాల వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ నిక్షేపంగా తిరుగుతూ కనిపించింది. వేరే గ్రహం మనిషి నెత్తి మీదున్నది ఇడ్లీ రేకే అని మా ఆవిడ ఉష నాతో పందెం కాసింది, గెలిచింది కూడా. సరిగ్గా అదే సమయానికి ఇంకో ఛానల్లో పాటల పోటీ. పేట పేటంతా పాటలు చూసేది. ఓడను చూసేది మరిడమ్మత్త ఒక్కతే. చేపలు కోస్తూ, కత్తిపీట మీద కాలుంచి, కళ్ళు మాత్రం టీవీకి అప్పగించి.

“ఏటత్తా అందులో ఉన్నది?” అని ఒకసారి అడిగాను.

“ఎదవా, అన్ని సీరియల్లలోనూ అత్త కోడలికి ఇసం పెడతాది. ఇందులో ఓడెల్లినాది, దారి తప్పినాది, ఒడ్డుకి రావాల. ఇది కదరా కతంటే,” అంది.

ఆఖరి వారం ఓడలో ఇంధనం అయిపోయింది. దీపాలు ఆరిపోయాయి. కెప్టెన్ సౌదామిని చీకట్లో కూర్చుని “భూమీ, వినిపిస్తోందా?” అని పిలిచింది. ఎవరూ పలకలేదు. ‘మొదటి భాగం సమాప్తం’ అని అక్షరాలు పడ్డాయి. తర్వాతి ఆదివారం అదే సమయానికి ఎవరో ఒకావిడ గుత్తి వంకాయ వండింది.

మర్నాడు పొద్దున్నే నా గది మెట్ల మీద తట్ట దిగింది. “ఒరే గోవిందూ, ఓడేదిరా? వంకాయలు ఎవుడు ఏయమన్నాడు నిన్ను?”

“నేను వేయలేదత్తా. ఛానల్ వాళ్ళు వేస్తారు. నా పని వైరు లాగడమే.”

“వైరు నీదే కదా. ఆళ్ళు పంపకపోతే నువ్వు లాగు.”

ఇది నవ్వులాటే అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత గంగరాజు మావ మొహం వేలాడేసుకుని వచ్చేదాకా.

“ఒరే, నాను ఏటనుంచి ఇంటికొచ్చీసినా మీ అత్త గిన్నె బోర్లించడం నేదురా. రేతిరి అందులో బల్లి పడినాది. ఏటే ఇదంటే, ఇంకా ఓడ రాలేదంటాది.”

మీకు మా పేట సంగతి తెలియదు కాబట్టి చెబుతాను. మగవాళ్ళు వేటకు వెళితే, పడవ ఒడ్డు చేరేదాకా ఇంట్లో అన్నం గిన్నె బోర్లించరు. కడిగినా వెల్లకిలానే పెడతారు. గిన్నె బోర్లా పడితే పడవ బోర్లా పడినట్టే అని భయం. పడవ వచ్చాక ఇంటి ఆడమనిషి గిన్నె కడిగి బోర్లించి, హమ్మయ్య అనుకుంటుంది. ఇంకో బోర్లించడం కూడా ఉంది. పడవ ఇక రాదని పెద్దలు తేల్చాక, వాళ్ళే వచ్చి చెప్పి బోర్లింపజేస్తారు. దాని గురించి మా పేటలో ఎవరూ మాట్లాడరు. ఈ మహాతల్లి ఆ కట్టుబాటును తీసుకెళ్ళి వెండి కాగితం ఓడకు కట్టింది.

నేను పగలబడి నవ్వాను. మావ కూడా నవ్వాడు గానీ మధ్యలో ఆపేశాడు.

“మా పెళ్ళికి ముందురా. దాని అన్న అప్పన్న ఏటకెళ్ళి రాలేదు. పెద్దలొచ్చి గిన్నె బోర్లించీమన్నారు. మా అత్త, దాని తల్లి, ఆ గిన్నె ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాది, బోర్లించలేదు. సచ్చిపోయినంతవరకూ బోర్లించలేదు. ఇప్పుడా సొట్ట గిన్నె మా ఇంట్లో అటక మీదున్నాది. ఎల్లకిల్లానే. దుమ్ము దులుపుతాది గానీ ఎవుర్నీ ముట్టనివ్వదు.”

తర్వాత నాకు నవ్వు రాలేదు. మావ వెళ్ళగానే చైత్ర టీవీకి ఫోన్ కొట్టాను. వీళ్ళు వాళ్ళను అడగమని, వాళ్ళు వీళ్ళను అడగమని, చివరికి రాగసుధ అనే అమ్మాయి దొరికింది. మంచి పిల్ల. ఎవరో ఒకరు ఆ సీరియల్ గురించి అడిగినందుకే మురిసిపోయింది.

“రేటింగ్ అస్సలు లేదండీ. వచ్చే నెల మొదటి నుంచీ మళ్ళీ వేస్తున్నాం, రోజూ మధ్యాహ్నం మూడింటికి. అప్పుడైనా జనం చూస్తే రెండో భాగం తీస్తారు. లేకపోతే ఇంతే,” అంది.

ఆ మాట మరిడమ్మత్తకు చేరవేశాను. రేటింగ్ అంటే ఏమిటంది. నా ఖర్మ కొద్దీ విడమరిచి చెప్పాను. “అక్కడక్కడ కొన్ని ఇళ్ళలో టీవీకి ఒక పెట్టె పెడతారత్తా. ఆ ఇంట్లో ఏం చూస్తే దేశమంతా అదే చూసినట్టు లెక్క. ఆ ఇళ్ళు ఏవో ఎవరికీ చెప్పరు.”

“పెట్టె,” అంది.

“పెట్టె,” అన్నాను. నేను అక్కడితో నోరు మూసుకోకుండా ఆ పెట్టె ఎలా ఉంటుందో కూడా చెప్పి ఉంటే బాగుండేది. ఎందుకంటే మర్నాటి నుంచి తట్ట దించిన ప్రతి ఇంట్లోనూ ఆమె గుమ్మంలోంచి తొంగి చూసింది. ప్రతి టీవీ కిందా ఒక నల్లటి పెట్టె కనిపించింది. కనిపించదా మరి? అవి నేను బిగించిన సెట్ టాప్ బాక్సులు!

అక్కడ్నుంచి మొదలైంది కొసరు భాగవతం. కానాగంత చేపలు కొన్నవాళ్ళకు చారెడు నెత్తళ్ళు కొసరు. షరతు ఒక్కటే, మూడింటికి ఓడ చూడాలి. ఊరికే తల ఊపితే కుదరదు, మర్నాడు పరీక్ష. “నిన్న సౌదామిని ఏటి సేసినాది?” అని గుమ్మంలోనే నిలదీసేది. చెప్పలేకపోతే కొసరు లేదు. ధనలక్ష్మి అనే ఆవిడ అబద్ధం చెప్పి దొరికిపోతే, గిన్నెలో పోసిన నెత్తళ్ళు మళ్ళీ తట్టలోకి ఏరుకుందట!

చేపల ఆశకు కూర్చున్న జనం మెల్లగా ఓడలో ఎక్కేశారు. ఆఖరికి గుడి దగ్గర నాదస్వరం కూర్మనాథం గారు కూడా. గుడి ఉన్న ఆ వీధిలోకి చేపల తట్ట వెళ్ళదు. ఆయన అరుగు మీంచి కేక వేసేవారు, “మరిడమ్మా, తట్ట ఆ మలుపులో దించి ఇలా రా. నిన్న భోజనానికి ఎవరో వచ్చి సగం చూడలేదు. ఆ ఇడ్లీ రేకువాడు మంచివాడా, చెడ్డవాడా?”

ఇంటింటా నా పెట్టెలకు ఇంత మర్యాద ఎందుకు జరుగుతోందో నాకు తెలిసేసరికి నెల గడిచిపోయింది. “అత్తా, అవి నా పెట్టెలు. లెక్కపెట్టే పెట్టెలు కావు,” అన్నాను.

ఆమె నన్ను కింద నుంచి మీదకు చూసింది. “మరి ముందే సెప్పవేటి? నెత్తళ్ళన్నీ ఏట్లో కలిపినట్టే కదరా!”

ఆ సాయంత్రమే రాగసుధ ఫోన్ చేసింది. మరిడమ్మత్త, మావ ఇద్దరూ నా గదిలోనే ఉన్నారని స్పీకర్ పెట్టాను.

“సారీ అండీ. రేటింగ్ ఇదివరకటి కంటే ఇంకా తగ్గింది. రెండో భాగం లేదు. సెట్ కూడా విప్పేశారు,” అంది ఆ పిల్ల. ఫోన్ పెట్టేసింది.

మావ తువ్వాలు భుజం మార్చుకుని, “ఇంక గిన్నె బోర్లించీయే,” అన్నాడు మెల్లగా.

ఆయన బల్లి బాధతోనే అన్నాడు, పాపం. కానీ మాట బయటపడ్డాక, అది అప్పట్లో పెద్దలొచ్చి అన్న మాటేనని ముగ్గురికీ తెలిసింది. మరిడమ్మత్త మొహంలో రక్తం లేదు. ఆమె నోరు చేసుకోవడం చూశాను గానీ నోరు మెదపకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

లేచింది. “ఎవుడు సెప్పేడు ఆళ్ళు సచ్చిపోనారని? సెట్టు ఇప్పీసినారు. ఓడ ఇప్పీలేదు కదా.” నా వైపు తిరిగింది. “ఒరే గోవిందూ, నీకో సానలున్నాది కదా?”

ఉంది. లోకల్ ఛానల్. పెళ్ళి వీడియోలు, గుడిలో డోలోత్సవం, బట్టల కొట్టు ప్రకటనలు. “ఉంటే?”

“మిగిలింది నాను సెప్తాను. ఆదివారం ఏడింటికి.”

“అత్తా, నువ్వు చెబితే ఎవరు చూస్తారు?”

“ఎవుడు సూడడు? నా కొసరు తిన్నోలందరూ సూడాల. బేరం మద్దిలో తట్టెత్తుకుపోతే నాను మరిడమ్మనేటి?”

వద్దంటే వినే మనిషా? ఆదివారం మా గదిలో గోడకు దుప్పటి కట్టి, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కెమెరా నాది. మావ పక్కన నిలబడ్డాడు, కథకు కాపలా అన్నట్టు.

మొదటి వారమే గొడవ. ఇంధనం లేదు కాబట్టి సౌదామిని ఓడకు తెరచాప కట్టిందంది. మావ ఉండబట్టలేక, “అక్కడ గాలే నేదు కదే, తెరసాపేటే?” అన్నాడు. అది కూడా ఛానల్లో వెళ్ళిపోయింది. మర్నాడు ఊళ్ళో సగం మంది తెరచాప పక్షం, సగం మంది మావ పక్షం. రెండో వారానికి తెరచాప దించేసి, పిల్లలకోడి చుక్కల్ని, అంటే కృత్తికల గుంపుని, ఆనవాలు పట్టుకుని మావ ఎలా వస్తాడో అలాగే ఓడను నడిపింది. ఇడ్లీ రేకువాడికి చేపల పులుసు నేర్పింది. మా ఉష పాటల పోటీ మానేసింది. బట్టల కొట్టు షావుకారు తన ప్రకటన ఓడకు ముందే వేయాలని పట్టుబట్టాడు. కూర్మనాథం గారు ఆదివారం ఎవర్నీ భోజనానికి పిలవడం లేదని విన్నాను. లెక్కపెట్టే పెట్టె ఒక్కటంటే ఒక్కటి మా పేటలో ఉండి ఉంటే, చైత్ర టీవీ వాళ్ళు కళ్ళు తేలేసేవారు.

ఆఖరి ఆదివారం మరిడమ్మత్త తలకు నూనె రాసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. చంకలో ఒక సత్తు గిన్నె. అంచు సొట్ట పోయి ఉంది. అటక మీది గిన్నె. వాళ్ళమ్మది. మావ దాన్ని చూసి కుర్చీ పక్క నుంచి గోడ వరకూ జరిగాడు.

ఆమె గిన్నె ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఓడ మన ఒడ్డునే దిగింది. అలల్లో ఆగిపోతే పేటంతా మోకు పట్టి ఇసుక మీదికి లాగింది. తలుపు తెరుచుకుంది. మరిడమ్మత్త వేలంలో చేపలు లెక్కపెట్టినట్టు గొంతెత్తి లెక్కపెట్టింది.

“సౌదామిని దిగినాది. ఒకటి. దాని ఎనకాల డాట్రు. రెండు. మెకానిక్కు మూడు. ఆ పొట్టోడు నాలుగు. ముసలాయన అయిదు.” ఒళ్ళో గిన్నెను దగ్గరకు లాక్కుంది. “ఆరు.”

కెమెరా వెనక ఉన్నానన్న సంగతే మర్చిపోయాను. “అత్తా, ఓడలో ఐదుగురే కదా?”

“దార్లో ఒకడు దొరికినాడు,” అంది నా వైపు చూడకుండా. “పిల్లలకోడి సుక్కల కాడ ఒక్కడే వొల బాగుసేసుకుంటూ కూకున్నాడు. ఎవుర్రా నువ్వని సౌదామిని అడిగినాది. అప్పన్ననన్నాడు. మాది శ్రీకూర్మం కాడ పేట, అమ్మ సూస్తంటాది అన్నాడు. ఎక్కించుకున్నాది.”

చెంబులో నీళ్ళు ఒంపి ఆ గిన్నెను కడిగింది. లోపల, బయట, సొట్ట పోయిన అంచు దగ్గర కూడా వేలు పెట్టి తోమింది. తర్వాత వంగి, చప్పుడు కాకుండా నేల మీద బోర్లించింది. “అమ్మా, వచ్చీసినాడే,” అంది.

గోడ దగ్గర మావ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఏట్రా అలా సూస్తన్నావు? ఆపీ. పొయ్యి మీద పులుసున్నాది,” అంది మరిడమ్మత్త నా మీద విరుచుకుపడి. కెమెరా ఆపుదామని చెయ్యి చాచాను. రోజూ నొక్కే బటనే, ఎంతకీ కనబడలేదు.