అమ్మ చూసిన గ్రహణం

మొన్న మా పక్కింటావిడ గోడ మీదుగా పిలిచి, "టీచరమ్మా, వచ్చే గ్రహణం ఎన్నిటికి పడుతదో, ఎన్నిటికి ఇడుస్తదో జర చెప్పు. మా కోడలిని అర్రల పండవెట్టాలె" అంది. నల్లగొండలో మా వీధికి నేనే పంచాంగం. ఏళ్ళ తరబడి బళ్ళో సైన్సు చెప్పినందుకు, మేడ మీద టెలిస్కోపు పెట్టుకున్నందుకు దక్కిన గౌరవం అది. టైము చెప్పాను. కోడలిని అర్రలో పెట్టొద్దు, మా మేడ మీదికి పంపమని కూడా చెప్పాను. ఆవిడ నా మొహం వంక చూసింది. సూటిగా చెప్పాలంటే నా పై పెదవి వంక చూసింది. అక్కడ చిన్నప్పుడు దవాఖానలో కుట్టిన గీత ఒకటి ఉంది. గ్రహణం మొర్రితో పుట్టినదాన్ని నేను. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం వేళ కత్తి పట్టుకుంటే బిడ్డకు పెదవి చీలుతుందని మా వైపు ఎవరినడిగినా చెబుతారు. అందుకే నన్ను చూసినవాళ్ళు ముందు నా పెదవి చూసి, తరువాత మా అమ్మను చూసేవాళ్ళు. ఆ రెండో చూపు మీదే నా కోపమంతా. అది ఇప్పటికీ చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

ఆ చూపుకు మూలం మా అవ్వ, అంటే మా నాయిన తల్లి. ఇంటికి ఎవరొచ్చినా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ, "మా కోడలు గ్రహణం పూట దొంగతనంగ వంకాయ కోసిందమ్మా" అని మొదలుపెట్టేది. నామీద ప్రేమకేం తక్కువ లేదు. జొన్నరొట్టె మీద వెన్న ముందు నాకే పెట్టేది. కానీ ఆ కథ మాత్రం ఏటేటా పెరిగేది. నేను బడిలో చేరేనాటికి వంకాయ సొరకాయ అయింది, పదో తరగతికి వచ్చేసరికి గుమ్మడికాయ అయింది. దొంగతనంగా గుమ్మడికాయ ఎట్లా కోస్తారని ఒక్కరూ అడగలేదు. అమ్మ ఆ మాట వినబడగానే లేచి బర్రెల దగ్గరికి పోయేది. ఎప్పుడు గ్రహణం వచ్చినా తన అర్రలోకి పోయి తలుపు పెట్టుకునేది. తప్పు చేసినదాన్నన్న బాధ వల్ల అనుకున్నాం అందరమూ. నేను చదువుకుని, బిడ్డ పెదవి కడుపులో ఎట్లా ఏర్పడుతుందో, గ్రహణం ఉత్త నీడ ఎట్లా అవుతుందో అమ్మకు ఎన్నిసార్లు వివరించానో లెక్కలేదు. "కోస్తే కోశావు, దానివల్ల కాదమ్మా" అనేదాన్ని. అమ్మ విని, "పొయ్యి మీద పాలున్నయ్" అని వెళ్ళిపోయేది.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్ళకు, దీపావళి మర్నాడు, పొద్దుగూకే వేళ సూర్యగ్రహణం పడింది. ఆ రోజే నల్లగొండలో ఒక కాలేజీ హాల్లో మా నక్షత్రాల పిచ్చివాళ్ళందరం సభ పెట్టుకున్నాం. సభకంటే సభ తరువాతి చాయ్ కోసమే మేము కలుస్తామన్నది దాచాల్సిన విషయం కాదు. వేదిక మీద ఉపన్యాసాలు దంచినవాళ్ళు కూడా, చాయ్ గ్లాసు చేతికి వచ్చాకే అసలు సంగతులు మాట్లాడతారు. తీరా సభ ముగించి బయటికి వస్తే ఒక్క హోటలు తెరిచి లేదు. గ్రహణమని అందరూ షట్టర్లు దించేశారు. హుజూర్‌నగర్‌లో ఎరువుల దుకాణం నడుపుకుంటూ, ప్లాస్టిక్ పైపుతో సొంతంగా టెలిస్కోపు చేసుకున్న అన్న ఒకాయన ఉన్నాడు మాలో. ఆయన నార్కట్‌పల్లి చౌరస్తాలో తెలిసిన దాబాకు ఫోను చేశాడు. అక్కడా లేదన్నారు. "పొద్దుగాల్నుంచి గ్రహణం ఉత్త నీడ, ఉత్త నీడ అని గొంతు చించుకుంటిమి. గా నీడే మన చాయ్ మింగింది" అన్నాడాయన. అందరినీ నేనూ అమ్మా ఉండే మా ఇంటికి రమ్మన్నాను. మా గుంపుకు ఒక ఆచారం ఉంది. గ్రహణం పట్టి ఉన్న వేళనే తినాలి, అదీ మేడ మీద, నలుగురికీ కనబడేట్టు తినాలి. పూజ తప్పించేవాళ్ళు మాలో ఉన్నారు గానీ దీన్ని తప్పించేవాళ్ళు లేరు.

మగవాళ్ళు మేడ మీద టెలిస్కోపు నిలబెట్టి, సూర్యుడి బొమ్మ తెల్ల అట్ట మీద పడేట్టు సర్దుతున్నారు. కింద కుక్కర్లో శనగ గుడాలు ఉడుకుతున్నాయి. తాలింపుకు ఉల్లిగడ్డలు కోయాలి. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన లెక్చరరు పిల్ల కత్తిపీట ముందుకు లాక్కుని కూర్చుంది. ఆ పిల్లకు ఆరో నెల. పొద్దుటినుంచి వాళ్ళత్తగారు ఫోను మీద ఫోను చేస్తూనే ఉంది. "అత్తమ్మా, నేను మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు" అని పెట్టేసి, ఉల్లిగడ్డ చేతిలోకి తీసుకుంది. మేడ మీంచి హుజూర్‌నగర్ అన్న గొంతు వినబడింది, "పట్టింది" అని. సరిగ్గా అప్పుడే అమ్మ అర్ర తలుపు తెరుచుకుంది.

గ్రహణం వేళ ఆ తలుపు తెరుచుకోగా నేను ఎన్నడూ చూడలేదు. అమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, ఆ పిల్ల ముందు నుంచి కత్తిపీటను లాగేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇంట్లో, నా కళ్ళ ముందు, మళ్ళీ అదేనా అనిపించింది. "అమ్మా, అది ఇటియ్యి" అన్నాను, కొంచెం గట్టిగానే. అమ్మ నన్ను పట్టించుకోలేదు. కత్తిపీట పక్కనే చతికిలబడి ఆ పిల్లతో మాట్లాడింది.

"నన్ను ఎట్ల పండవెట్టిన్రో అట్లనే పండుకున్న బిడ్డా. ఒత్తిగిల్లలె. గుక్కెడు నీళ్ళు తాగలె. చీరె కుచ్చిళ్ళు సుత సదురుకోలె. మా అత్త అర్ర ముంగట మంచమేస్కొని కావలి కూసున్నది. అయినా నా బిడ్డ చీలిన పెదివితోనే పుట్టింది. కూరగాయ కోసినవని గా కావలి కూసున్న మనిషే అన్నది."

కత్తిపీట కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "మరి కొయ్యలేదని చెప్పలేదా అమ్మమ్మా?" అని ఆ పిల్లే అడిగింది.

"చెప్పిన. ఒకపాలి చెప్పిన, రెండుపాల్లు చెప్పిన. కొయ్యకుంటె ఎందుకైతదే అన్నరు. ఇగ ఊకున్న." అమ్మ కత్తిపీటను మళ్ళీ ఆ పిల్ల ముందుకు జరిపింది. "చెప్పినట్టు ఇన్నదానికే గిట్లయింది. నువ్వు కొయ్యి. జర సన్నగ కొయ్యి."

ఉల్లిగడ్డలు కదా, కళ్ళు తుడుచుకోవడానికి ఎవరికీ మొహమాటం లేకపోయింది. అవ్వ అబద్ధం ఎందుకాడిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆచారమంతా సరిగ్గా నడిపించినా బిడ్డ అట్లా పుట్టిందంటే, ఆచారమన్నా ఉత్తది కావాలి, వాళ్ళ వంశంలోనన్నా లోపముండాలి. ఆ రెండూ ఒప్పుకోవడం కంటే కోడలి చేతిలో వంకాయ పెట్టడం సులువు. అర్థమైంది గానీ క్షమించలేదు. వెన్న రొట్టెలు తిన్నాను, అవ్వను ప్రేమించాను, ఈ ఒక్కదానికి మాత్రం ఇవాళ్టికీ క్షమించలేదు.

అమ్మ గోడ పట్టుకుని మెట్లెక్కి మేడ మీదికి వచ్చింది. హుజూర్‌నగర్ అన్న కుర్చీ వేసి, అట్ట మీది బొమ్మ చూపించాడు. సూర్యుడి అంచున చిన్న ముక్క లేదు, అంతే. అమ్మ చాలాసేపు చూసింది. "గింతేనా?" అంది. మళ్ళీ అట్ట మీదికి వంగి, "గీ ముక్కకేనా నన్ను గన్ని మాటలన్నరు?" అంది. ఎదురింటి కిటికీ సందులోంచి రెండు మొహాలు మమ్మల్నే చూస్తున్నాయి. అమ్మ గుడాల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నోటినిండా తింటూ, వాళ్ళకు వినబడేట్టు, "ఏం పిల్లా, మీకు సుత పంపాల్నా?" అని అడిగింది. కిటికీ మూసుకుంది. మా వాళ్ళు నవ్విన నవ్వుకు కింద కుక్క మొరగడం మొదలుపెట్టింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు చివర్లో అడిగేది ఒక్కటే. ఆ మహబూబ్‌నగర్ పిల్లకు ఎట్లాంటి బిడ్డ పుట్టింది, పెదవి ఎట్లా ఉంది అని. నేను చెప్పను. బాగుందంటే అదృష్టం అంటారు, బాగా లేదంటే చూశావా అంటారు. మా అమ్మ నిర్దోషి అని తేలడానికి ఇంకొకరి బిడ్డ సాక్ష్యం అక్కర్లేదు. ఆ సాయంత్రం ఆకాశంలో గ్రహణం గంట సేపు కూడా లేదు, పొద్దు గుంకిపోయింది. మా అమ్మకు పట్టిన గ్రహణం విడవడానికి మాత్రం యాభై ఏళ్ళు పట్టింది, అదీ ఆమె తనంత తాను లేచి తలుపు తీసుకుంటేనే.