రాతి మీద తెల్ల అంకెలు

ఆ ఏడాది వేసవి చివర్లో అరకు లోయ పైనున్న కొండల్లో నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. రాళ్ళ సర్వేకి వచ్చిన దొర దగ్గర నాది దుబాసీ ఉద్యోగం. కొండ జనం మాట ఆయనకి ఇంగ్లీషులో చెప్పాలి, ఆయన మాట వాళ్ళకి తెలుగులో చెప్పాలి. మిగతా వేళల్లో ఆయన సుత్తితో కొట్టిన రాతిముక్కల్ని గోనెగుడ్డల్లో చుట్టి, ఏ ముక్క ఎక్కడిదో తెలిసేలా అది ఊడొచ్చిన బండ మీద తెల్లరంగుతో అంకె వేయాలి. చలికాలంలో కొండెక్కాం. ఎండలు ముదిరేలోగా దిగిపోవాల్సింది. కానీ సముద్రపొడ్డు నుంచి ఈ కొండల దాకా రాళ్ళ వరసంతా పటంలోకి ఎక్కాలని దొర పట్టు. అది తేలేదాకా దిగేది లేదన్నాడు. వాన పడిందంటే వాగులు దాటలేం, పైగా మన్యం జ్వరం. పొద్దున లేస్తే ఆకాశం వంక చూడ్డం, దొర వంక చూసి పళ్ళు నూరుకోవడం, ఇదే నా పని. ఏ రాయి ఏ రాయి కింద ఉంటే నాకేం?

మా డేరాలకి దిగువన ఓ గూడెం ఉంది. వాళ్ళది పోడు సేద్యం. చలికాలంలో ఏటవాలున ఎవరి చెక్కలో, అంటే ఎవరి నేలముక్కలో, వాళ్ళు తుప్పలు నరికి ఎండబెడతారు, తొలకరికి ముందు తగలబెడతారు, ఆ బూడిదలో సామలూ చోళ్ళూ చల్లుతారు. ఏడాది తిండి దాని మీదే. చుట్టుపక్కల చెక్కలన్నీ అప్పటికే కాలి నల్లబడ్డాయి. ఒక్క చెక్కలో మాత్రం కొట్టిన కొమ్మలు కొట్టినట్టే ఎండి పడున్నాయి. రోజూ అటే నడిచేవాణ్ణి గనక నా కళ్ళకి అది నలుసులా తగిలేది.

ఆ చెక్క, మొగుడు పోయిన ఓ నడివయసు ఆమెది. ఓ మధ్యాహ్నం ఊటగెడ్డ దగ్గర నీళ్ళు ముంచుకుంటూ తనే నన్ను ఆపింది.

"బాబూ, మా సెక్కలో రాయికి తెల్లరంగు పూసింది నువ్వే గదా. రిజర్వు ఎప్పుడు సేత్తారు?"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమే ఎదుటి కొండ చూపించి చెప్పింది. కొన్నేళ్ళ కిందట అడవి శాఖవాళ్ళు వచ్చి అక్కడి బండలకి ఇలాగే తెల్లరంగు పూసి పోయారట. ఆ తర్వాత ఆ కొండ సర్కారు రిజర్వు అడవైపోయి, దాని మీద కత్తి వేసినవాడల్లా జైలుకి పోయాడు. ఇప్పుడు నా అంకెలు చూసి గూడెం అంతా ఆమె చెక్క కూడా పోయిందనే అనుకుంది. అగ్గి పెట్టడానికి ఆమెకి భయం, తోడు రావడానికి మగాళ్ళకి భయం.

"అది రిజర్వు కాదప్పా," అన్నాను, వాళ్ళు అక్కని పిలిచే మాటతోనే. "ఏ రాళ్ళు ఎక్కడున్నాయో రాసుకుంటున్నాం, అంతే."

"రాసుకుని ఏటి సేత్తారు?"

మర్నాటి నుంచి సాయంత్రం పూట ఉరుములు మొదలయ్యాయి. నాకు దిగిపోవాలన్న తొందరకి ఈ తొందర కూడా తోడైంది. ఒక్క వాన గట్టిగా కురిస్తే ఆ కొమ్మలు కాలవు, ఆమెకి విత్తడానికి బూడిద ఉండదు. అన్నం ముందు కూర్చున్నా ఆ చెక్కే గుర్తొచ్చేది. ఆగలేక దొరని అడిగాను, ఆమె తగలబెట్టుకుంటే ఏమైనా ఇబ్బందా అని. ఆయన భూతద్దం కిందున్న రాయి మీంచి కన్ను తీయకుండానే, నేను రాళ్ళు చూసేవాణ్ణి, నా వెనక ఎవరొచ్చి ఏం చేస్తారో నాకు తెలీదు, అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం, మధ్యలో దుబాసీ.

గూడెంలోకి వెళ్ళి ఉన్నమాటే చెప్పాను. "దొరకే తెలీదట అప్పా. నాకూ తెలీదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఒద్దన్నాడా?"

"వద్దని మాత్రం అనలేదు."

"అయితే సాలు." ఆమె నవ్వింది. "ఈ కొండెక్కిన గవర్నమెంటోలు నోరిప్పితే ముందు ఒద్దనే అంటారు. తెలీదన్నోడివి నువ్వొక్కడివే బాబూ."

మర్నాడే చుట్టాల్ని కూడగట్టి అగ్గి పెట్టింది. వాన రాలేదు. చెక్కంతా శుభ్రంగా కాలింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

రెండు రోజులు పోయాక దొర అటు ఎక్కాడు. తుప్పలూ తీగలూ పోయి బండ నగ్నంగా బయటపడి ఉంది. ఎర్రచారల రాతి మధ్య నుంచి నల్లటి పొర ఒకటి చెక్కకి అడ్డంగా పోతోంది. మసి అనుకున్నాను. ఆయన వేలితో రుద్ది, కాగితం మీద గీత గీసి చూపించాడు. పెన్సిల్లో ఉండే నల్లరాయి అది. అన్ని నెలల్లో ఆయన నవ్వడం అప్పుడే చూశాను. నా భుజం కూడా తట్టాడు. నేను మాత్రం దిగువనున్న ఆమె గూడెం వంక చూశాను. మధ్యాహ్నానికి ఆ పొర పొడుగునా హద్దు గూటాలు పాతించాడు.

ఆ సాయంత్రం తొలకరి పడింది. తెల్లవారి డేరాలు విప్పించి దిగువకి బయల్దేరాం. దారి ఆ చెక్క మీదుగానే. ఆమె గంప చంకన పెట్టుకుని గూటాల మధ్య సామలు చల్లుతోంది. దొర ఆగాడు. గూటాలు దాటి మన్ను కదపకూడదనీ, వచ్చే చలికాలం మనుషులొచ్చి ఇక్కడ తవ్వుతారనీ ఆమెకి చెప్పమన్నాడు. ఇద్దరూ నా నోటి వంక చూస్తున్నారు.

"పంట బాగా పండాలంటున్నారు దొరగారు," అన్నాను. నా ఉద్యోగంలో తెలిసి చేసిన తప్పు తర్జుమా అదొక్కటే.

ఆమె దొర ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"దొర మొకం అలగ నేదు బాబూ," అంది. గంపలో చెయ్యి పెట్టి మరో పిడికెడు తీసి, దొర బూటు పక్కనున్న గూటం మొదట్లో చల్లింది.

ఆమెకి అర్థమైందా అని దొర నన్నడిగాడు. అర్థమైందన్నాను. అది మాత్రం నిజమే.